రాశి మీది ముద్ర

రంగనాయకులు తొందరపడి ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. తనకు అక్షరాలు నేర్పిన వీధిబడి అయ్యవారు చచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన్ని ఇంకా క్షమించలేదు. గుణింతం తప్పినందుకు ఆ అయ్యవారు అతన్ని దూలానికి వేలాడదీసి, కింద పల్లేరుకాయలు పోయించాడు. చదువు మూడో తరగతితో ముగిసింది. భార్య వెంకటశేషమ్మ పోయిన తరవాత మెచ్చుకోవలసినవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు.

అందుకే 1961లో బ్లాకు ఆఫీసువాళ్లు అతని వడ్ల కొట్టంలో చిన్నపిల్లలకు బాలవాడి పెట్టినప్పుడు, ఎదురుగా వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నది తప్పులు పట్టడానికే. కొట్టం ఇస్తానని మాట ఇచ్చింది వెంకటశేషమ్మ. ఇచ్చిన నెలలోనే జ్వరంతో పోయింది. బతికున్న మనిషి మాటయితే కాదనేవాడు.

పంతులమ్మ ఆనందకుమారిది కోవూరు. ఇరవై రెండేళ్లుంటాయేమో. చేతిలో బెత్తం లేదు. ఇదేం బడి అనుకున్నాడు రంగనాయకులు.

పిల్లలు ఇరవైమంది, అంతా నాలుగైదేళ్లవాళ్లే. సగంమంది ఊళ్లో రైతుల పిల్లలు, సగంమంది సముద్రం ఒడ్డున జాలర్లు ఉండే పట్టపుపాళెం పిల్లలు. పాళెంలో ఇళ్లల్లో మాట్లాడేది అరవం. మొదటి వారం వీళ్లు ఒక గోడకూ వాళ్లు ఒక గోడకూ చేరి, ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు.

రెండో వారం ఆమె పాళెం పిల్లల్ని ఇంట్లో ఉన్న పాత బెండు ఒకటి తెమ్మంది. వల తేలడానికి కట్టే కొయ్యబెండు మీద ఏ ఇంటికి ఆ ఇంటి గుర్తు కాల్చి ఉంటుంది. ఒకరిది చేపముల్లు, ఒకరిది రెండు గీతలు, ఒకరిది నెలవంక. వాటన్నిటినీ చేటలో పోసి, ఒక్కొక్కటే ఎత్తి చూపించింది.

"అది పోలేరయ్య మామది."

"అది మాదే."

ఒక్కరూ తప్పలేదు. రంగనాయకులు కళ్లకు అన్నీ పిచ్చిగీతలే. ఊరి పిల్లలు నోళ్లు తెరిచి చూశారు.

"వీళ్లకు చదవడం వచ్చు. రానివి అక్షరాలే," అంది ఆనందకుమారి. ఎవరితో అందో గాని, వేపచెట్టుదాకా వినబడింది. ప్రతి గుర్తు పక్కనా సుద్దముక్కతో ఆ ఇంటివాళ్ల పేరులోని మొదటి అక్షరం రాసింది.

ఆ సాయంత్రం వచ్చి అడిగింది. "రంగనాయకులుగారూ, ఊరి పిల్లలకు కళ్లంలో వడ్ల రాశి మీద వేసే ముద్రలు తెలుసు గదా. మీ ముద్ర కొయ్య ఒక్కరోజు ఇస్తారా, చూపిస్తాను."

"ముద్ర కొయ్య చేతులు మారదమ్మా. అది ఎవరి చేతిలో ఉంటే రాశి వాళ్లది."

ఆమె సరేనని వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. అడగకపోవడం అతనికి నచ్చింది. నచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు.

ఏది చెప్పినా ముందు పాళెం మాటలో చెప్పేది. కుండ చూపించి "తణ్ణి" అనేది, తరవాత "నీళ్లు" అనేది. తనకు రాని మాటలు పిల్లల్నే అడిగి నేర్చుకునేది. నెల తిరిగేసరికి ఊరి పిల్లలు ఇళ్లల్లో తణ్ణి అడగడం మొదలుపెట్టారు. ఒకాయన వచ్చి రంగనాయకులుతో మొర పెట్టుకున్నాడు.

"మా వాడు అరవంలో అడగతా ఉండాడన్నా."

"నీళ్లే గదా అడిగింది. పొయ్యి."

ఇంకొక పని చేసేది. పిల్లవాడు ఏం చెబితే అది, "మా నాయన రెండు సొరచేపలు తెచ్చినాడు" అంటే అదే, బొగ్గుతో గోడమీద రాసి, వేలు పెట్టి చదివించేది. మర్నాడు ఆ పిల్లవాడు అవ్వను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, తన మాట తానే చదివి వినిపించాడు. గోడ పాడవుతున్నదని అరవడానికి లేచిన రంగనాయకులు, వాడు చదవడం అయ్యేదాకా నిలబడి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

ఒక్క గురవమ్మ మాత్రం నోరు విప్పలేదు. పాళెం పిల్ల. అయిదేళ్లది. వాకిలి పక్కన బెండు పట్టుకుని కూర్చునేది.

"ఆ పిల్ల మూగదా?" అన్నాడొకరోజు రంగనాయకులు.

"కాదండీ. వాళ్లమ్మతో బాగా మాట్లాడుతుంది. ఇక్కడ ఇంకా వింటా ఉంది."

"మూడు నెల్లా వినేది? మాఘం కోతలకు నాకు కొట్టం కావాల. ఆలోపల ఆ పిల్ల నోటితో ఒక్క అక్షరం చదివితే కొట్టం నీది. చదవకపోతే వడ్లు లోపలికి, మీరు బయటికి."

అక్కడే గడ్డి మోస్తున్న పాలేరు రమణయ్య కూడా ఆ మాట విన్నాడు. మరో నీడ ఆ ఊళ్లో దొరకదని రంగనాయకులుకూ ఆనందకుమారికీ తెలుసు.

"సరేనండీ. కానీ ఈ మాట ఆ పిల్లకు తెలియనివ్వకండి. భయపెడితే వినడం కూడా మానేస్తుంది."

ఆ తరవాత అతను కావాలనే గమనించాడు. పందెం పెట్టుకుని కూడా ఆమె ఆ పిల్లను ఒక్కసారి కూడా మాట్లాడమనలేదు. అక్షరాలు రాసిన అట్టముక్కలు పంచే పని అప్పగించింది. ఎవరు ఏ అక్షరం అడిగితే అది వెతికి ఇవ్వాలి. కార్తీకం వచ్చేసరికి గురవమ్మ ఒక్కటీ తప్పు ఇవ్వడం లేదు. నోరు మాత్రం మూసే ఉంది. తనకు అక్షరాలు చెప్పిన పద్ధతీ, పల్లేరుకాయలూ గుర్తొచ్చి రంగనాయకులు ఒకరోజు అన్నం సరిగా తినలేదు.

మాఘం వచ్చింది. గురవమ్మ తల్లి మాలకొండమ్మ కూలికి వచ్చి కళ్లంలో వడ్లు తూర్పారబట్టింది. పిల్ల వెంట వచ్చింది. పొద్దు వాలేవేళకు రాశి పోసి, గింజ కదిలితే తెలిసేట్టు చుట్టూ తడిమట్టి ముద్దలు పెట్టారు. రంగనాయకులు ఒక్కొక్క ముద్ద మీదా ముద్ర కొయ్య నొక్కుతూ వచ్చాడు. వెనకాలే గురవమ్మ వచ్చి చతికిలబడి, మట్టిలో లేచిన గీతల వెంబడి వేలు నడిపింది.

"వె," అంది.

పాలేరు రమణయ్య నవ్వాడు. "ఏందీ? అది మా అయ్య పేరు పిల్లా. రంగనాయకులని చెప్పు."

గురవమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్లీ వేలు నడిపింది. "కాదు. వె."

"చూస్తివా అయ్యా? ఇన్నాళ్లు మూసుకున్న నోరు తెరిచినట్టు తెరిచి తప్పు చెప్పింది. కొట్టం మనదే."

కళ్లమంతా నవ్వింది. మాలకొండమ్మ భయపడి పిల్లను పక్కకు లాక్కుంది.

ఆ కళ్లంలో రంగనాయకులు తప్ప అక్షరం తెలిసినవాళ్లు లేరు. పంతులమ్మ లేదు. నవ్వి ఊరుకుంటే చాలు.

పొలం వెంకటశేషమ్మ పుట్టింటిది. ముద్ర కొయ్య ఆమె బుచ్చిరెడ్డిపాళెం వడ్రంగి చేత చేయించుకున్నది. ఊరు దాన్ని రంగనాయకులు ముద్ర అంటూ వచ్చింది. అతను దిద్దలేదు. ఆమె పోయాక ఆ అక్షరాన్ని ఎవరూ పైకి చదవలేదు, అతను కూడా.

"ఆ పిల్ల చదివిందే సరి," అన్నాడు. "అది వె. మా ఆడమనిషి పేరు."

రమణయ్య తలగుడ్డ తీసి మళ్లీ కట్టుకున్నాడు.

"అయితే వడ్లు యాడ పొయ్యమంటావయ్యా?"

"ఇంట్లో పడమటి గదిలో పొయ్యి."

"అది నువ్వు పండుకునే గది గదయ్యా."

"వాకిట్లో మంచముంది."

మర్నాడు పొద్దున అతను, బడి పెట్టాక మొదటిసారి, కొట్టం గడప దాటాడు. పిల్లలు సర్దుకుని చోటిచ్చారు. పైపంచె మడతలోంచి ముద్ర కొయ్య తీసి, చేటలో బెండ్ల పక్కన పెట్టాడు. ఆనందకుమారి లేచి నిలబడింది.

"ఇది ఎవరిదో గురవమ్మను చెప్పమను," అన్నాడు. "సాయంత్రానికి నాకిచ్చెయ్యి."