ఎకనామిక్స్ పీరియడ్ గంట

పగలంతా ఖాకీ బట్టల్లో అటెండర్ని. ఆరు కాగానే బట్టలు మార్చుకుని బీఏ స్టూడెంట్‌ని. పాతబస్తీలో ఒక సాయంకాలం కాలేజీలో, 1977లో నా బతుకు అది. గంట కొట్టేదీ నేనే, కొట్టి పరుగున పోయి బెంచీ మీద కూర్చునేదీ నేనే.

అన్నీ పాసయ్యాను. ఎకనామిక్స్ ఒక్కటే రెండుసార్లు పోయింది. అది చెప్పే సారు బదిలీ అయి రెండేళ్లు, ఇంకొకరు రాలేదు. వచ్చే మార్చిలో పాసైతే గుమాస్తా పోస్టు వస్తుంది. లేకపోతే వయసు దాటిపోతుంది, ఇక జీవితాంతం ఖాకీయే.

డిసెంబర్‌లో, మా కాలేజీలో చదువు ఎలా సాగుతోందో చూడటానికి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని తెలిసింది. ప్రిన్సిపాల్ రామ్‌చందర్ సారు నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చాడు.

"ఇస్సాకు, ఎకనామిక్స్‌ల ఐదు ప్రశ్నలు, ఐదు జవాబులు. బట్టీ పట్టు. ఆయన గిండ్లకెల్లే అడుగుతడు."

"సారు లేడని చెప్తే ఒకల్ని పంపుతరేమో గదా సార్."

"పంపుతరో, కాలేజే బంద్ జేస్తరో, ఎవనికెర్క? ఆ క్లాసు నేనే చెప్తున్ననని యూనివర్సిటీకి రాసిచ్చిన. నా ఇజ్జత్ తియ్యకు బిడ్డా."

బయట మెట్ల మీద కళావతి అంతా వింది. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది, నాతోపాటే ఎకనామిక్స్‌లో తప్పింది.

"ఇస్సాకన్నా, నువ్వు గడగడ చెప్పినవనుకో, మనకు సారు రాడు. ఆ ఖాకీ బట్టలల్లనే ముసలోనివైతవ్."

"మరేం జెయ్యమంటవ్?"

"తెల్వదను. నిజమే గదా. దానికి బట్టీ గూడ అక్కర్లే."

ఆమె మాటే సరైందనిపించింది. అయినా సారు ఇచ్చిన కాగితం కదా, రోజూ జహనుమాలోని ఇంటి నుంచి నడిచి వస్తూ చదువుకున్నాను. ఐదూ నోటికి వచ్చేశాయి.

ఆ రోజు పెద్దాయనకు చాయ్, బిస్కెట్లు ఇచ్చింది నేనే. తర్వాత గంట కొట్టి, గబగబా తెల్లచొక్కా వేసుకుని క్లాసులో కూర్చున్నాను. ఖాకీ ప్యాంటు మార్చుకోవడం మరిచిపోయాను.

ఆయన లోపలికి వచ్చి వరసగా చూస్తూ నా దగ్గర ఆగాడు.

"నువ్వు లే. డిమాండ్ సూత్రం ఏమిటి?"

లేచాను. తెలవదు అనే మాట నాలుక మీదే ఉంది. ఇంతలో ఆయన చూపు నా ప్యాంటు మీద పడింది.

"ఇందాక చాయ్ తెచ్చింది నువ్వేగా?" అని నవ్వాడు. "బెంచీలు నింపడానికి అటెండర్ని కూర్చోబెట్టారా, ప్రిన్సిపాల్ గారూ? పాపం, ఇతనికేం తెలుస్తుంది. కూర్చో నాయనా, కూర్చో."

క్లాసంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. కూర్చుంటే చాలు, తెలవదన్నట్టే లెక్క, కళావతి చెప్పిన పని అయిపోయేది. నేను కూర్చోలేదు.

"ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే, ధర పెరిగినప్పుడు డిమాండ్ తగ్గుతుంది..." అని మొదలుపెట్టాను. ఆగలేదు. అడగని నాలుగు జవాబులు కూడా కామాలతో సహా చెప్పేశాను.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. దగ్గరికి వచ్చి నా భుజం తట్టి, "ఎవరయ్యా నీకు చెప్పింది?" అన్నాడు.

రామ్‌చందర్ సారు గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు.

"మా ప్రిన్సిపాల్ సారే," అన్నాను.

కళావతి తల వంచుకుని పుస్తకం మూసేసింది.

పదిహేను రోజులకు రిపోర్టు వచ్చింది. కవరు తీసుకుని సారు బల్ల మీద పెట్టింది కూడా నేనే. ఆయన పైకి చదివాడు. అటెండర్ సైతం చక్కగా జవాబు చెప్పగల స్థాయిలో బోధన ఉంది, ఎకనామిక్స్‌కు వేరే లెక్చరర్ అవసరం లేదు.

"శభాష్ ఇస్సాకు, నా ఇజ్జత్ నిలబెట్టినవ్," అన్నాడు సారు.

వరండాలోకి వచ్చాను. కళావతి నా ముఖం చూసి, "టైమయింది, గంట కొట్టన్నా," అంది.

ఏడయింది. ఎకనామిక్స్ పీరియడ్ గంట కొట్టాను. చొక్కా మార్చుకుని పోయి ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను.