ఎడమచేతి లడ్డు

నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించి, దిద్దుకొని చదవండి. జుట్టు నెరిశాక నేర్చిన అక్షరాలు, చేయి మెల్లగా సాగుతుంది.

రావిర్యాలలో జంగమ్మ అచ్చుబొమ్మలు వేస్తుంది. చెక్క మీద బొమ్మ చెక్కి, నల్లరంగు పూసి, కాగితం పరిచి అద్దుతుంది. వడ్డీలకిచ్చే సేటు మొదలు చిట్టీల మేనేజరు దాకా ఆమె ఉలికి దొరకనివాడు లేడు. ఆ బొమ్మలు చూసి ఊరంతా నవ్వుతుంది.

ఆ వారం మాత్రం ఆమెకే నవ్వు రాలేదు. తమ్ముడు కుర్మయ్య తనకు మిగిలిన ఒక్క ఎకరాన్నీ వెంచర్ కంపెనీకి రాసిస్తానని కూర్చున్నాడు. విమానాశ్రయం పక్క భూమి కాబట్టి నెలనెలా ఆదాయం ఇస్తామని వాళ్ల మాట. ఆదివారం కమ్యూనిటీ హాల్లో అతనితో పాటు ఊళ్లో ఇంకొందరివీ సంతకాలు.

"వద్దురా. రాసిచ్చినంక భూమి నీదెట్లయితది?"

"నీకేం తెలుసక్కా! సూటేసుకున్నోళ్లు ఇంటికొచ్చి మర్యాదగ అడుగుతుండ్రు. నువ్వు బొమ్మలు చెక్కుకో పో."

సరే, అదే చేస్తానని కూర్చుంది. చెక్క మీద సూటు వేసుకున్న పొట్టాయన, నెత్తిన టోపీలా విమానం. కుడిచేత్తో వినయంగా లడ్డు ఇస్తూ, వెనక ఎడమచేత్తో కుర్మయ్య పొలాన్ని చాపలా చుట్టేస్తుంటాడు.

అద్దిన కాగితం లేపి చూసి నెత్తి కొట్టుకుంది. అచ్చులో బొమ్మ తిరగబడుతుందన్న సంగతి కోపంలో మరిచిపోయింది. లడ్డు ఎడమచేతిలోకి వచ్చింది! మళ్లీ చెక్కే వ్యవధి లేదు. అట్లాగే తీసుకెళ్లి కమ్యూనిటీ హాలు గోడకు అంటించింది.

ఆదివారం కుర్మయ్య ఆ బొమ్మ ముందు ఆగిపోయాడు.

"ఎడమచేత్తో పెడుతుండేందే? మనమంటే గింత అలుసా?"

"నన్నడుగుతవేందిరా? లోపలికి పోయి జూడు" అంది జంగమ్మ, తన పొరపాటు దాచుకుంటూ.

లోపల కంపెనీ మనిషి కుడిచేత్తో ఫోను చెవికి ఆనించుకొని, వచ్చినవాళ్లకు ఎడమచేత్తో లడ్డూలు పంచుతున్నాడు. హాలంతా గొల్లున నవ్వింది.

"ఏమైందండీ?" అన్నాడతను.

"జర చెయ్యి మార్చు సారూ" అన్నాడు కుర్మయ్య. లడ్డు మాత్రం తీసుకోలేదు. "నెలపైసలు ఇయ్యకుంటే నా భూమి మల్ల నాకు రాసిస్తవా? గది కాయితంల ఉన్నదా?"

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందామండీ. ముందు సంతకం పెట్టండి."

"గట్లయితే సంతకం గూడ తర్వాతనే."

కుర్మయ్య వెనుదిరిగాడు. అతని వెనకే వరుసలన్నీ లేచాయి. కంపెనీ కారు లడ్డూ డబ్బాలతోనే రింగురోడ్డు ఎక్కింది.

బయట పక్కింటి సక్కుబాయి జంగమ్మను వాటేసుకుంది.

"అక్కా, నా పుస్తెలు కుదువబెట్టుకున్న ఫైనాన్సాయన్ని ఎప్పుడు చెక్కుతవే?"

"రేపే. ముందు ఆయన మీసాలెట్లుంటయో చెప్పు."

కావలి అనంతమ్మ,
వయసు అరవై నాలుగు,
ఇప్పుడు ఉండేది ఆరాంఘర్ చౌరస్తా దగ్గర, కిరాయి ఇంట్లో.