తోసే వైపే తీగ

కంచె మేస్త్రి పక్కన వీధిలో నడవడమంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వుకోవడమే. ఆయన ఇళ్ళు చూడడు, ఇళ్ళలో మనుషుల్ని చూడడు. కంచెలు చూస్తాడు. "వీడికి దొంగలంటే భయం" అనేవాడు ఒక గోడ దగ్గర. నాలుగడుగులు వేసి, "వీడికి దొంగలకన్నా సొంత కుక్కంటే భయం" అనేవాడు. ఇంకో ఇంటి ముందు ఆగి, "ఈయనకీ పక్కింటాయనకీ మాటల్లేవు. చూడవే, ఆ ఒక్క వైపే ముళ్ళ తీగ" అని భార్యకు చూపించేవాడు. ఆయన చెప్పింది తప్పడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ముప్పై ఏళ్ళు ఆయన వెనకే గుంతలు తవ్వింది ఆమె. గుంజ పొడవులో మూడో వంతు నేలలోకి పోవాలి. మట్టిలో ఉండే చివరకు తారు పూయాలి, లేకపోతే చెదలకు విందు భోజనం పెట్టినట్టే. మూల గుంజకు ఏటవాలుగా ఊత ఇవ్వాలి, తీగ లాగుడంతా మోసేది ఆ మూలలే. మధ్య గుంజలు ఊరికే నిలబడి పేరు తెచ్చుకుంటాయి. ఇవన్నీ ఆమెను నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అన్నిటికన్నా ముందు చెప్పేది మాత్రం మేస్త్రి నోట రోజుకు పదిసార్లు విన్న మాట. "తోసే వైపే తీగ."

పశువు లోపల ఉంటే తీగను గుంజలకు లోపలి వైపున కొట్టాలి. పందులు బయటి నుంచి వస్తాయంటే బయటి వైపున కొట్టాలి. అప్పుడవి ఎంత తోసినా తీగ పోయి గుంజ మీదే వాలుతుంది, గుంజ మోస్తుంది. రెండో వైపు కొట్టావో, ఆ బరువంతా వేలెడంత మేకు మీద పడుతుంది. "మేకు ఎంతని మోస్తుందే పిచ్చిదానా, దానికేమైనా వెన్నెముక ఉందా?" అనేవాడు. ఆయన వీధిలో నడుస్తూ కంచెలు చదివేది కూడా ఇలాగే. తీగ ఏ వైపున ఉందో చూస్తే చాలు, ఆ ఇంటి భయం ఎటువైపు ఉందో తెలిసిపోతుంది.

అలాంటి మనిషికి మతి జారడం మొదలైంది. ముందు మేకుల డబ్బా ఎక్కడ పెట్టాడో మరిచాడు. తర్వాత ఏ ఊరి పని ఒప్పుకున్నాడో మరిచాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఇంటికి దారి మరిచాడు. పనికి పోవడం మాత్రం మరవలేదు. తెల్లారితే చాలు, పటకారు జేబులో వేసుకుని బయల్దేరేవాడు. ఏ పనికి, ఎక్కడికి అంటే చెప్పలేడు. రెండుసార్లు సైకిలు షాపాయన దారిలో చూసి వెంటబెట్టుకొచ్చాడు. మూడోసారి పెద్ద రోడ్డు మధ్యలో దొరికాడు. అక్కడి ఇనుప కడ్డీల మధ్య ఎడం అడుగులతో కొలుస్తున్నాడట. లారీలు రెండు వైపులా ఆగిపోయి హారన్లు కొడుతుంటే, "ఆగండయ్యా, కొలత తప్పుతోంది" అన్నాడట.

"ఈయన్ని ఒంటరిగా బయటికి పంపొద్దు" అంది డాక్టరమ్మ.

చెప్పినంత తేలికా? ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి, ఆయన వెంట పరుగెత్తలేదు. ఒకరోజు తలుపుకు బయట గొళ్ళెం పెట్టి చూసింది. లోపలి నుంచి ఆయన, "ఎవరండీ ఇంట్లో? పొరపాటున నన్ను లోపల పెట్టి తాళం వేసుకున్నారు" అని పరాయి ఇంట్లో ఇరుక్కున్న పెద్దమనిషిలా మర్యాదగా తలుపు కొట్టసాగాడు. కోప్పడి ఉంటే తట్టుకునేది. ఆ మర్యాద ఆమె ప్రాణం తోడేసింది. గొళ్ళెం తీసేసి మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఇల్లు వీధి చివరిది. ముందు విశాలమైన వాకిలి, దానికి అడ్డూ ఆపూ లేదు. ఊరందరికీ కంచెలు వేసినవాడి ఇంటికి కంచె లేదని వీధిలో ఎప్పుడూ ఉన్న వెటకారమే. వాకిలి చుట్టూ కంచె వేస్తే ఆయన ఎండలో, గాలిలో తిరగొచ్చు, బయటికి మాత్రం పోలేడు అనుకుంది. అల్లుడికి కబురు పెట్టింది. అతను గేట్లు వెల్డింగు చేసే మనిషి. నోరు కాస్త ఎక్కువే కానీ మనసు వెన్న.

"సిమెంటు పలకల గోడ పెట్టిద్దాం అత్తయ్యా. స్తంభాలకు గాడి ఉంటుంది, పలకలు పైనుంచి దించడమే. పొద్దున మొదలెడితే సాయంత్రానికి ఆరడుగులు లేస్తుంది" అన్నాడు.

"ఆరడుగుల గోడ లేస్తే ఆయనకి రోడ్డు కనబడదు. బతికుండగానే పూడ్చినట్టుంటుంది బాబూ."

"పోనీ రేకులు?"

"పెట్టెలో పెట్టి మూత వెయ్యమంటావా?"

"ముళ్ళ తీగ?"

"చేతులు చీరుకుపోతాయి."

"ముళ్ళ మొక్కలు నాటుదామంటారు ఇప్పుడు!"

"అవి గుబురెక్కాలంటే రెండు వానాకాలాలు కావాలి. అంత టైము లేదు" అంది. తనకు లేదందో ఆయనకు లేదందో అల్లుడు అడగలేదు.

చివరికి ఇనుప వల ఖాయమైంది. గళ్ళలోంచి రోడ్డు కనిపిస్తుంది, గాలి వస్తుంది, పట్టుకుని నిలబడినా గుచ్చుకోదు. గుంజలు పెరట్లోనే ఉన్నాయి, ఆఖరి పని తాలూకు మిగిలినవి. ఆమె దారం కట్టి వరస చూసింది, పది అడుగులకొకటి గుర్తు పెట్టింది. అల్లుడు గుంతలు తవ్వాడు. మేస్త్రి వసారాలో స్టూలు మీద కూర్చుని రెండు రోజులూ పని చూశాడు.

"ఎవరి పనమ్మా ఇది?" అని అడిగాడు మొదటి రోజు.

"మన పనేనయ్యా."

"పని మనదే, ఇల్లెవరిది అంటున్నా. ఇంటావిడ టీ ఇస్తుందా లేదా?"

"ఇస్తుందిలే" అని ఆమె గునపం పక్కన పెట్టి లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, గొంతు తగ్గించి, "ఇంటావిడ మంచిదే. పంచదార బాగా వేసింది. పని కూడా బాగా చెయ్యండి మరి" అన్నాడు. అల్లుడు ముఖం తిప్పుకున్నాడు. నవ్వుకో, ఏడుపుకో ఆమెకు తెలియలేదు.

మూల గుంజకు అల్లుడు పెట్టిన ఊత చూసి ఊరుకోలేక మేస్త్రి లేచొచ్చాడు కూడా. "ఇదేం ఊతరా, చంకకర్రలా నిటారుగా పెట్టావు? కాలు చాపి కూర్చున్నట్టు ఉండాలి" అని తనే కాలితో తన్ని సరిచేశాడు. ఆ చేతులు, ఆ కాళ్ళు ఏమీ మరవలేదు. మరిచింది తలే.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా వల చుట్ట విప్పారు. అల్లుడు దాన్ని ఎత్తి గుంజలకు లోపలి వైపున ఆనించాడు. ఆమె వద్దంది.

"బయటి వైపు కొట్టు."

"అదేంటత్తయ్యా? తోసే వైపే తీగ అని మామయ్య నా పెళ్ళిలో కూడా చెప్పాడు. తోసేది..." అని ఆగిపోయాడు.

"వీధి కుక్కలు తోస్తాయి. బయటి వైపు కొట్టు" అంది.

కుక్కల సంగతి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆయనకు అప్పుడప్పుడూ, మబ్బు విడిచినట్టు, ఒక పూటో అర పూటో తెలివి తేటగా ఉంటుంది. అలాంటి పూట ఆయన లేచి వాకిట్లోకి వస్తాడు. వల లోపలి వైపున ఉంటే ఒక్క చూపుకే చదివేస్తాడు. ఈ ఇంటి భయం లోపలే ఉందని, ఆ భయం తనేనని. ముప్పై ఏళ్ళు తన పక్కన గుంతలు తవ్విన మనిషి తనను పశువుల లెక్కన కట్టిందని తెలుసుకుంటాడు. అది ఆమె తట్టుకోలేదు. వలను గుంజకు పట్టి ఉంచే రెండు కాళ్ళ మేకులు కాస్త లోతుగా దిగ్గొడితే సరిపోతుందిలే అనుకుంది. చేయి తిరిగిన పనిమంతురాలు చేయకూడని తప్పు, తెలిసి తెలిసి చేసింది.

గేటు అల్లుడు చేసి తెచ్చాడు. గడియ బయటి వైపు, కింద, చేయి అందనంత దూరంలో పెట్టాడు.

ఐదు రోజులు బాగానే గడిచాయి. ఆరో రోజు పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేసరికి స్టూలు ఖాళీ. వాకిలి ఖాళీ. గేటు గడియ పెట్టినట్టే ఉంది. గేటుకు కుడి పక్కన మూడు గుంజల నుంచి వల ఊడి, వీధిలోకి కడుపులా ఉబ్బి వేలాడుతోంది. మేకులు కాళ్ళు వంకరపోయి వీధి మట్టిలో పడి ఉన్నాయి. ఏం చేస్తోందో తెలియకుండానే వంగి ఆ మేకులన్నీ ఏరి కొంగులో మూటగట్టింది. తర్వాతే కేక పెట్టింది.

వెతకడానికి వీధంతా కదిలింది. మధ్యాహ్నం దాటాక కాలవ దగ్గర దొరికాడు. నడుము దాకా నీళ్ళలో నిలబడి, వంతెన కింది స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని ఉన్నాడట. "స్తంభం కదులుతోంది, పట్టుకోండిరా" అంటున్నాడట. కదులుతున్నది ఆయనే. సైకిలు షాపాయన, అల్లుడు నీళ్ళలో దిగి ఆ చేతులు విడిపించడానికి నానా తంటాలు పడ్డారు. "ఇంకో గంటైతే చేతులు వాటంతటవే వదిలేసేవి పిన్నీ" అన్నాడు సైకిలు షాపాయన, తడి బట్టలతో గుమ్మంలో నిలబడి.

ఆయనకు నాలుగు రోజులు జ్వరం. ఆ నాలుగు రోజులూ ఊడిన చోట ఒక పాత తలుపు అడ్డం పెట్టి ఉంచారు. వల ఎప్పుడు తిప్పి కొడదామని అల్లుడు అడిగితే నీళ్ళు నమిలింది.

ఐదో రోజు పొద్దున ఆయన లేచి, "ఏమే, ఇవాళ ఎండ బాగుంది" అన్నాడు. ఏమ్మా అనలేదు, ఏమే అన్నాడు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిలుపు, ఇవాళ మాత్రం రాకుంటే బాగుండుననిపించింది. ఆయన వాకిట్లోకి నడిచాడు. మూల గుంజ ఊపి చూశాడు, తల ఆడించాడు. దారం పట్టినట్టు వరస చూశాడు. పాత తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు. తలుపు పక్కకు జరిపాడు.

"ఈ వల ఎవరు కొట్టారు?"

"నేనే."

"నువ్వా? ముప్పై ఏళ్ళు నాతో పనిచేసి ఈ వైపు కొట్టావా? తోసే వైపే తీగ అని అరిచి అరిచి నా గొంతు పోయింది కదే!"

"బయట కుక్కలు..."

"కుక్క తోస్తే వల వచ్చి గుంజకి ఆనుతుంది. ఇది వీధిలోకి ఉబ్బింది. మేకులు లాగినట్టు ఊడాయి." గుంజ మీది రంధ్రాన్ని బొటనవేలితో తడిమాడు. "లోపలి నుంచి తోశారు. లోపల ఏం కట్టేశావు? మనకి గేదె లేదు. మేకైనా లేదు."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఆ తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు. రెండు చేతుల్లోనూ వల గళ్ళు అచ్చు పడి పక్కులు కట్టి ఉన్నాయి. ఒక చేతిని వల మీద ఆనించాడు. గీతకు గీత సరిపోయింది.

"నేనా?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. చీర మార్చినప్పుడల్లా కొత్త కొంగులోకి మార్చుకున్న ఆ వంకర మేకుల మూట బరువు తగులుతోంది.

"నువ్వేనయ్యా. కాలవలో దొరికావు."

ఆయన చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద ఎవరో సామాను బండి తోసుకుపోతున్నారు. అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"మూడు గుంజల వల ఊడగొట్టానంటే, ముసలాడిలో సత్తువ ఉందే" అన్నాడు. "నేను చూసి నొచ్చుకుంటానని ఇటు కొట్టావు."

ఆమె తల ఊపింది.

"నొచ్చుకుంటాను. నొచ్చుకుంటే మనిషి చావడు. కాలవలో పడితే చస్తాడు." చెయ్యి చాపాడు. "పటకారు తే. సుత్తి తే. ఎండ ఎక్కకముందే తిప్పేద్దాం."

ఇద్దరూ వల మొత్తం విప్పారు. ఆయన మేకులు పీకుతుంటే ఆమె ఏరింది. వలను లోపలికి తెచ్చి మూల గుంజకు చుట్టి కట్టారు. ఆమె గునపం గళ్ళలో దూర్చి వెనక్కి వాలి లాగి పట్టుకుంది, ఆయన కొట్టాడు. పాత రోజుల్లోలాగే మాటల్లేవు, "ఊఁ" అంటే లాగడం, "ఆఁ" అంటే వదలడం. సగం దాకా అలా సాగింది.

ఆరో గుంజ దగ్గర ఆయన సుత్తి ఆగింది. చుట్టూ చూశాడు. ఆమె వైపు తిరిగి, కొత్త కూలిని పలకరించినట్టు, "ఏమ్మా, ఈ ఇంటివాళ్ళు లోపల ఏం ఉంచుతారు?" అన్నాడు.

ఆమె గునపం వదలలేదు. వదిలితే వల జారుతుంది.

"విలువైనదేనంట అయ్యా" అంది.

"అలాగా? ముందే చెప్పొద్దూ! అయితే ఈ జానెడు ఎడం కుదరదు. బెత్తెడుకొకటి కొట్టాలి" అని డబ్బాలోంచి ఇంకో గుప్పెడు మేకులు తీసుకున్నాడు. అప్పటిదాకా కొట్టిన గుంజల దగ్గరికి కూడా వెనక్కి పోయి, ప్రతి ఎడంలోనూ ఇంకో మేకు దిగ్గొట్టాడు. ఆమె ఒక్కొక్కటే అందించింది. వంకరపోయినవి రాతి మీద సాగగొట్టి అవి కూడా అందించింది.

అయ్యాక ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగున వచ్చి భుజంతో వలను తోశాడు. గుంజ చిన్నగా మూలిగింది కానీ ఒక్క మేకు కదల్లేదు. మళ్ళీ ఒకసారి, ఒళ్ళంతా వేసి తోశాడు. వల ఆయన్ని మెల్లగా లోపలికే నెట్టేసింది.

"లొంగదు" అన్నాడు తృప్తిగా. చెమట తుడుచుకుని వసారాలో స్టూలు మీద కూర్చున్నాడు. "ఇంటావిడని అడుగమ్మా, ఇంత టీ ఇస్తుందేమో."

ఆమె సుత్తి, పటకారు తీసుకుని లోపలికెళ్ళింది. పంచదార ఇంకో చెంచా ఎక్కువే వేసింది.