ఉడికిన గుడ్డు

పది దాటింది. పదకొండుకల్లా తనిఖీకి అధికారిణి జీపు వస్తుంది. అంగన్‌వాడీ కేంద్రంలో పొడవాటి చాప మీద సింధూరి ఒక్కతే కూర్చుని ప్లాస్టిక్ బిళ్లలు పేరుస్తోంది.

ఫోన్ మోగింది. సూపర్‌వైజర్ అనూరాధ.

"రాజకుమారీ, పిల్లలెంతమంది?"

"వస్తన్నారు మేడం."

"పదిమందైనా కనపడకపోతే మీ కేంద్రాన్ని హైవే అవతలి ఊళ్లో కలిపేస్తారు. ఈసారి నా చేతిలో లేదు."

టీచరు రాజకుమారిని ఇంకోచోట వేస్తారు. నాలుగేళ్ల సింధూరి ఆ హైవే దాటి వెళ్లలేదు. లోపల పొయ్యి దగ్గరున్న ఆయా మరిడమ్మకి ఏడువేల జీతం పోతుంది.

నరసన్నపేటకి దగ్గర్లోని ఆ ఊళ్లో కాన్పులు తగ్గిన మాట నిజమే. పనుల్లేక కొందరు పసిపిల్లల్ని చంకనేసుకుని చెన్నైలో మేడలు కట్టడానికి పోయిన మాటా నిజమే. మీటింగుల్లో రాజకుమారి ఈ రెండే చెప్పేది. మూడోది ఎవరూ అడగలేదు. రెండేళ్ల క్రితం ఎస్సీ వీధి మరిడమ్మ ఆయాగా వచ్చింది. నెల తిరక్కుండా రైతుల పిల్లలంతా కాన్వెంటు వ్యాను ఎక్కేశారు. ఇంగ్లీషు కోసమన్నారు. తల్లులు మాత్రం గుడ్లకి తప్పకుండా వచ్చేవారు. పచ్చిగుడ్డు పట్టుకెళ్లేవారు. అదే గుడ్డు మరిడమ్మ ఉడకబెడితే ముట్టేవారు కాదు.

చివరికి మరిడమ్మ వీధి పిల్ల సింధూరి ఒక్కతే మిగిలింది. ఒక్క పిల్లకి పాట నేర్పుతుంటే ఖాళీ గది తిరిగి పలికేది. మధ్యాహ్నానికి రాజకుమారికి తన గొంతే పరాయిగా వినిపించేది. ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీ విప్పి, గోడవైపు తిరిగి తినేది.

గుమ్మం ముందు స్కూటరు ఆగింది. మాజీ సర్పంచి నరసింగరావు, రాజకుమారికి వరసకి మావ.

"ఏటే కోడలా, అలా దిగులు పడిపోయున్నావు? పిల్లల్ని నేను తెత్తాను. వ్యానోడిని ఊళ్లోనే ఆపించీసేను. ఒక గంట కూకుంటారు. సెంటరు పోతే మన ఆడోళ్లకి గుడ్లూ పాలూ ఎవుడిస్తాడు?"

"సల్లగుండు మావా!"

"ఒక్కటే మాట. అది కనిపించకూడదు." వంటగది వైపు గడ్డం ఎగరేశాడు. "పిల్లల తిండి మా కోడలు గౌరి ఇంటికాడ వండి తెస్తాది."

రాజకుమారి వంటగదిలోకి వెళ్లింది. గిన్నెలో గుడ్లు ఉడుకుతున్నాయి.

"ఒక గంటసేపు ఎనకాల కూకోవే మరిడమ్మా. నీ ఉజ్జోగం కోసమే."

మరిడమ్మ చేతులు తుడుచుకుంది. "ఇన్నాను. మీ మావ గొంతు సిన్నదేటి?" అని పెరటి గట్టు మీదకి పోయింది.

వ్యాను వచ్చింది. టై కట్టుకున్న పిల్లలు డజను మంది బిలబిలా దిగారు. గది నిండిపోయింది. ఆ అల్లరికి రాజకుమారి కళ్లు చెమర్చాయి. జీపు సంగతే మరిచిపోయింది.

"కాళ్లు సాపండర్రా! ఆటాడుకుందాం!"

ఎంతమంది ఉంటే అంత సరదా ఆ ఆట. టీచరు పాట పాడుతూ ఒక్కొక్క కాలే తట్టుకుంటూ పోతుంది. పాట ఏ కాలి దగ్గర ఆగితే ఆ కాలు మడవాలి. ముందుగా రెండు కాళ్లూ మడిచినవాళ్లది గెలుపు.

సింధూరి పరుగున వచ్చి వరసలో దూరి, తన కాళ్లు కూడా చాపింది. పక్కనున్న నరసింగరావు మనవరాలు భరణి చటుక్కున కాళ్లు లాక్కుంది.

"మా తాత తగలొద్దన్నాడు."

భరణి పక్కవాడూ జరిగాడు. ఆ పక్కవాడూ జరిగాడు. సింధూరికి ఏమీ అర్థం కాలేదు. ఆ కాళ్లు చూసి తను కూడా కాళ్లు మడిచేసింది.

"నేనే గెలిసేసేను టీచరమ్మా!" అని చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఒక్కటే గదిలో వినిపించాయి.

రాజకుమారి లేచింది.

"మరిడమ్మా! గుడ్లు ఉడికేయి కదా, పట్రా. పిల్లలకి నువ్వే ఎట్టాల."

నరసింగరావు గుమ్మంలోకి వచ్చాడు. "నీకేటి పిచ్చి పట్టిందా? జీపొచ్చే ఏళయింది!"

"రానీ మావా. ఉన్నదేదో సూస్తాది."

"సెంటరు పోతాది!"

"ఈ పిల్లని తోసీసి ఎవురికోసం మావా సెంటరు?"

అతను వ్యాను వైపు తిరిగాడు. చెయ్యి ఊపాడు. పిల్లల్ని మళ్లీ వ్యాను ఎక్కించారు. భరణి కిటికీలోంచి సింధూరికి టాటా చెప్పబోతే, ఎవరో లోపలికి లాగారు. వ్యాను పోయింది. గది మునుపటికంటే పెద్దదిగా కనిపించింది.

మరిడమ్మ గిన్నెతో నిలబడి ఉంది. రాజకుమారి చెయ్యి చాపింది.

"నాకొకటియ్యే."

"నీకు క్యారేజీ ఉన్నాది కదా టీచరమ్మా? రెండేళ్లయి సూత్తన్నాను."

రాజకుమారి చాపిన చెయ్యి తీయలేదు. మరిడమ్మ వేడి గుడ్డు ఒకటి తీసి అరచేతిలో పెట్టింది. రాజకుమారి పెంకు వొలిచి సగం సింధూరికిచ్చి, సగం తను తింది.

"ఇంకా ఆడుదాం," అంది సింధూరి.

రాజకుమారి చాప మీద కూర్చుని కాళ్లు చాపింది. మరిడమ్మని చెయ్యి పట్టి లాగి పక్కనే కూర్చోబెట్టింది. పాట మొదలైంది. వీధి మలుపులో హారన్ మోగింది. జీపు గుమ్మం ముందు ఆగింది. పాట కూడా ఆగింది.

రాజకుమారి చెయ్యి మరిడమ్మ కాలి మీద ఉంది. ఎవరూ కాలు మడవలేదు.