గోడలో కిటికీ

ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనక సందులో ఉండే పరశురాం ఇంటికి ఆ రోజు దేవేందర్ స్వయంగా వచ్చాడు. ఒకప్పుడు రైల్వే డీజిల్ షెడ్డులో దేవేందర్ ఫోర్‌మన్, పరశురాం ఫిట్టర్. ఇద్దరూ రిటైరయ్యారు. దేవేందర్ ఇప్పుడు పాత ఉద్యోగుల సంఘానికి అధ్యక్షుడు. కారులోంచి ఒక అట్టపెట్టె దించి బల్ల మీద పెట్టాడు.

"మన షెడ్డు కూలగొట్టిన్రు కదా. యాదికి ఉంటదని చిన్న నమూనా చేపిస్తున్న. ప్లైవుడ్ ముక్కలన్ని మిషన్ మీద కోయించిన. అతికిచ్చుడే బాకీ. నీ చేతులైతెనే పని సాఫ్‌గ వస్తది. పై నెల మన్నెగూడ ఫంక్షన్ హాల్ల మీటింగు. అందరి ముందట పెడ్దాం."

"పెడ్దాం సార్," అన్నాడు పరశురాం.

కారు వెళ్లాక పెట్టె విప్పాడు. ముక్కలన్నిటికీ నంబర్లున్నాయి. పద్నాలుగో ముక్క ఫోర్‌మన్ గది గోడ. నున్నగా ఉంది. కిటికీ లేదు.

ఆ గోడకు కిటికీ ఉండేది. అందులోంచి రెండో పిట్టు, అంటే ఇంజిన్ కింద దిగి పనిచేసే గుంత, పూర్తిగా కనబడేది. పంతొమ్మిదేళ్ల కింద పరశురాం తమ్ముడు జానయ్య ఆ పిట్టులో పని ముగించి పైకి ఎక్కుతున్నాడు. దేవేందర్ ఆ కిటికీలోంచే ఇంజిన్ కదిలించమని చెయ్యి ఊపాడు. జానయ్య మళ్లీ లేవలేదు.

విచారణకు అధికారులు వచ్చేసరికి కిటికీని ఇటుకలతో మూసి సున్నం కొట్టేశారు. తన గదిలోంచి పిట్టు కనబడదని, జానయ్య చెప్పకుండా దిగాడని దేవేందర్ రాసిచ్చాడు. అక్కడ ఏనాడూ కిటికీ లేదని సాక్షి సంతకం పెట్టింది పరశురామే. "ఇంక పదకొండేండ్ల సర్వీసున్నది, సోంచాయించుకో" అన్నాడు దేవేందర్ అప్పుడు. పరశురాం పిల్లల ముఖాలు తలచుకుని పెట్టేశాడు.

ఇప్పుడు ఆ గోడ అరచేతిలో పట్టేంత ముక్కై తన దగ్గరికే వచ్చింది. పరశురాం సన్న రంపం తీసి దానికి బొటనవేలి గోరంత కిటికీ కోశాడు. అంచులు ఆకురాయితో నునుపు చేశాడు. రోజూ పొద్దున్నే బల్ల ముందు కూర్చునేవాడు. ముక్కలకు గరుకు కాగితం పట్టి, జిగురు రాసి, ఆరేదాకా రబ్బరు బ్యాండ్లు బిగించేవాడు. అంత ఇష్టంగా ఆయన ఏ ఇంజిన్‌కీ పని చెయ్యలేదు. ఒక్కో గోడ లేస్తుంటే లోపల మంట చల్లబడాల్సింది పోయి ఇంకా ఎగిసేది. కప్పును అతికించకుండా మూతలా తీసేందుకు వీలుగా ఉంచాడు. చివరికి పుల్లలతో మూడు మనిషి బొమ్మలు చెక్కి లోపల నిలబెట్టాడు.

నమూనా పూర్తయ్యాక బడంగ్‌పేట్ వెళ్లాడు. అక్కడ జానయ్య భార్య సుక్కమ్మ బట్టలు కుట్టి బతుకుతోంది.

"మీటింగుకు నువ్వు రావాలె."

"ఆ దేవేందర్ మొఖం నేను చూడ బావా."

"చూడాలె. ఒక్కపారి."

ఫంక్షన్ హాలు నిండింది. దేవేందర్ ఉపన్యాసం చెప్పి, అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకోగా, పరశురాం చెప్పినట్టే నమూనా కప్పు మూతలా తీశాడు. చప్పట్లు మోగాయి. లోపలికి చూసిన దేవేందర్ ముఖంలో నవ్వు మాయమైంది. పరశురాం మైకు అందుకున్నాడు.

"సార్, జర వంగి ఆ కిటికీలకెల్లి చూడున్రి. ఏం కనబడ్తున్నది?"

"ఇదేం తమాష? ఆడ కిటికీ లేకుండె."

ముందు వరుసలోంచి ముసలి డ్రైవర్ జైపాల్ లేచాడు. ఆ రోజు ఇంజిన్ నడిపింది అతనే. "ఎట్ల లేకుండె? ఆ కిటికీలకెల్లే నాకు చెయ్యి ఊపినవ్. గదే చెప్తే, నీ ఒక్కని మాట చెల్లదన్నరు."

దేవేందర్ పరశురాం వైపు వేలు చూపించాడు. "కిటికీ లేదని సంతకం పెట్టింది ఎవలు? గీయనే!"

ఈ మాట వస్తుందని పరశురాంకు తెలుసు. "అవ్, పెట్టిన. పిట్టుల ఉన్న బొమ్మ నా తమ్ముడు. కిటికీకాడ నువ్వు. గోడకు ఆనుకొని గమ్మున నిలవడ్డది నేను. మునిగితె ఇద్దరం మునుగుదాం సార్."

వెనక వరుసలోంచి సుక్కమ్మ ముందుకు వచ్చింది. వంగి, ఒక కన్ను మూసి, ఆ కిటికీలోంచి చాలాసేపు చూసింది. తర్వాత దేవేందర్ ముందు నిలబడింది.

"చేసుకున్నోనికి చేసుకున్నంత అని నా మొగన్ని అందరు తిట్టిన్రు. తప్పెవనిదో ఇప్పుడు చెప్పు. మైకుల చెప్పు."

దేవేందర్ తలుపు వైపు చూశాడు. ఎవరూ దారి ఇవ్వలేదు. మైకు అందుకున్నాడు. "చూసిన... పైకి ఎక్కిండనుకున్న."

ఎవరో దారి విడిచారు. అతను తల దించుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే సంఘం అతణ్ని అధ్యక్ష పదవి నుంచి తీసేసింది.

మీటింగు రోజు మధ్యాహ్నం పరశురాం హాల్లోనే కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి సుక్కమ్మ బస్సు కోసం నిలబడి ఉంది.

"ఇంటికాడ దింపొస్త పా," అన్నాడు.

"నువ్వు రాకు. వాడు పరాయోడు బావా. నువ్వు ఇంటోనివి."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది, వెనక్కి చూడలేదు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. పరశురాంకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా దేవేందర్ తల దించుకుని నడిచిన నడక గుర్తొస్తే, ఇంకోసారి చూడాలనే ఉంటుంది.