పేర్రాజు గారి సింగపూరు ప్లగ్గు

నేను ఒక ప్లగ్గును. గోడకు తగిలించే వైపు మూడు చదునైన ఇత్తడి కాళ్ళు, ఇవతలి వైపు రకరకాల రంధ్రాలున్న తెల్లటి మొహం. మీ ఇంటి ఫోన్ చార్జరుకు గుండ్రటి కాళ్ళుంటాయి, సింగపూరు గోడలకేమో పలక రంధ్రాలు. ఇద్దరికీ మాటామంతీ కలవదు. మధ్యవర్తిగా నేనుండాలి. సింగపూరు వెళ్ళేవాళ్ళు జంతికలు, కారప్పొడి, గోంగూర పచ్చడి అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటారు గానీ నన్ను మాత్రం మరిచిపోతారు. అక్కడ హోటల్లో దిగి, చార్జరు చేత్తో పట్టుకుని గోడ వంక చూసి నోరెళ్ళబెట్టినప్పుడు గానీ నా విలువ తెలిసిరాదు.

నేను పుట్టింది చైనాలో ఒక కార్ఖానాలో. నాలాంటి వేల మందితో పాటు అట్టపెట్టెలో కూర్చుని ఓడెక్కి సింగపూరు చేరాను. అక్కడొక చిన్న కొట్లో కొక్కేనికి వేలాడుతుంటే, చెమటలు కక్కుకుంటూ వచ్చిన పేర్రాజు గారు నన్ను కొని కాకినాడ తీసుకొచ్చారు. ఆయనది భానుగుడి దగ్గర ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. ఆ అపార్ట్‌మెంటులో ముందుగా సింగపూరు చూసొచ్చింది ఆయనే కాబట్టి, ఆ తరవాత ఎవరు అటు వెళ్ళినా ఆయన గడప తొక్కక తప్పేది కాదు. ఆయన నన్ను ఊరికే ఇచ్చేవారు కాదు. కాఫీ ఇప్పించి, ఎదురుగా కూర్చోబెట్టి, పాఠం చెప్పి మరీ ఇచ్చేవారు.

"ఆయ్, జాగ్రత్తగా వినండి. రైలుకి కార్డు మనిషికొకటి ఉండాలండి. మొగుడూ పెళ్ళాం కలిపి ఒకటంటే గేటు ఒప్పుకోదు. లోపలికెళ్ళేటప్పుడూ ఆనించాలి, బయటికొచ్చేటప్పుడూ ఆనించాలి. మధ్యాహ్నానికి వాన దంచేస్తది, గొడుగు మర్చిపోకండి. రైల్లో చలి చంపేస్తది, శాలువా ఉండాల. అక్కడ కుళాయి నీళ్ళే తాగొచ్చు, సీసాలు కొని డబ్బులు తగలెయ్యకండి. రైల్లో ఏవీ తినకూడదు, తాగకూడదు. పాస్‌పోర్టు పెట్టెలో కాదండి, చేతిసంచీలో ఉండాల!"

ఇలా ఎన్ని కుటుంబాలతో ఎన్ని సార్లు వెళ్ళొచ్చానో! కొత్త దంపతులతో వెళ్ళాను, వాళ్ళు ఒకరి ఫోన్ తీసి ఒకరు పెట్టుకుంటూ నా కోసం పోట్లాడుకున్నారు. ఒక పళ్ళ డాక్టరు గారితో మలేసియా వెళ్ళాను. అక్కడి గోడలవీ ఇవే రంధ్రాలు. తిరిగొచ్చిన ప్రతివారూ నాతోపాటు ఒక చాక్లెట్ల పొట్లం పేర్రాజు గారికి అప్పజెప్పేవారు. ఆయనకు షుగరుంది. అయినా ఆ పొట్లం మర్నాటికల్లా ఖాళీ అయ్యేది.

ఇంతమందిలో నేను మనసులో పెట్టుకున్నది భ్రమరాంబ గారిని. రెండో అంతస్తులో ఉండేది. యాభై దాటింది, కుట్లు అల్లికలు నేర్పేది. ఆవిడకున్న పిచ్చల్లా ఒకటే, ఆర్కిడ్ మొక్కలు. కడియం నర్సరీ నుంచి తెచ్చుకున్న వాండా అనే రకం మొక్క ఒకటి బాల్కనీలో ఏళ్ళ తరబడి ఆకులేస్తోంది గానీ ఒక్క పువ్వూ పూయలేదు. సింగపూరులో ఆర్కిడ్ల తోట ఉందని, అక్కడ వాండాలు గుత్తులు గుత్తులుగా పూస్తాయని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడకు నిద్ర లేదు. ఆ మొక్క ఎలా పూస్తుందో ఒక్కసారి కళ్ళారా చూడాలి, అంతే. కొనుక్కోవాల్సిన జాబితాలు, చూడాల్సిన మేడలు ఆవిడకేమీ లేవు.

భర్త కామేశ్వరరావు గారికి ఎరువుల కొట్టు, సీజను వదిలి కదలరు. "అక్కయ్యతో వెళ్ళు. నువ్వొక్కదానివీ వెళ్తే విమానం దిగకుండానే తప్పిపోతావ్" అన్నారు. అక్కయ్యంటే మాణిక్యాంబ గారు, భ్రమరాంబకు వదిన. గొంతు పెద్దది, మాట కరుకు. ఎక్కడికెళ్ళినా పెత్తనం ఆవిడదే. ఇద్దరూ ఒక టూరు బృందంతో బయల్దేరారు. నేను భ్రమరాంబ చేతిసంచీలో ఎక్కాను.

టూరు కాగితంలో ఆర్కిడ్ల తోట ఆఖరి రోజుకు పెట్టారు. ఆ ఆఖరి రోజు ముందు సాయంత్రం టూరు నడిపే కుర్రాడు బస్సులో నిలబడి, "రేపు తోటా? షాపింగా?" అని చేతులెత్తమన్నాడు. బస్సంతా షాపింగ్ అని అరిచింది. అందరికంటే ముందు లేచిన చెయ్యి మాణిక్యాంబ గారిదే.

"పువ్వులకోసం విమానమెక్కి ఇంత దూరం రావాలటే? మనూళ్ళో లేవేటి పువ్వులు?" అంది భ్రమరాంబతో.

 భ్రమరాంబ హోటలుకొచ్చాక ఫోన్‌లో తోట దారి వెతికి, ఏ రైలెక్కాలో, ఎక్కడ దిగాలో చూసుకుంది. రేపు వాళ్ళు కొట్లలో తిరుగుతుండగా తను వెళ్ళొచ్చెయ్యాలని నిశ్చయించుకుంది. దారి చూపేది ఫోనే కాబట్టి నన్ను గోడకు పెట్టి, నాలో చార్జరు పెట్టి, ఫోన్ తగిలించి పడుకుంది.

ఇక్కడే వచ్చింది తంటా. మాణిక్యాంబ గారికి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక అలవాటు. పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ కట్టేసి గానీ మంచమెక్కరు. హోటలు గదిలో కరెంటు బిల్లు ఆవిడ కట్టక్కర్లేదు, అయినా చెయ్యి ఊరుకోదు కదా. బాత్‌రూమ్ లైటు కట్టేసింది, టీవీ స్విచ్ కట్టేసింది, నా నెత్తిమీది స్విచ్ కూడా టక్కున నొక్కేసి, "కరెంటు దండగ" అనుకుంటూ దుప్పటి ముసుగేసింది. నాకు ఒళ్ళు మండింది. నోరుంటే అరిచేవాణ్ణి.

పొద్దున్న లేచి చూస్తే ఫోన్‌లో చార్జింగ్ అడుగంటింది. భ్రమరాంబ నన్ను ఊడబెరికి, అటూ ఇటూ తిప్పి చూసి, "పాడైపోయినట్టుంది పాపం, పేర్రాజు గారికేం చెప్పను" అంది. చూశారా నా రాత! ఎవరో స్విచ్ కట్టేస్తే నింద నా మీద. అయినా పారెయ్యకుండా చార్జరుతో సహా సంచీలో వేసుకుంది.

లిటిల్ ఇండియా అనే మనవాళ్ళ బజారులో మాణిక్యాంబ గారు తలనొప్పి మందు సీసాలు డజన్ల లెక్కన బేరమాడుతుండగా భ్రమరాంబ పక్కకొచ్చి, "వదినగారూ, నేను తోట చూసొచ్చేస్తానండి" అంది. ఆవిడ కొట్టువాడి మీదే చూపు పెట్టి "ఊఁ" అంది. ఆ ఊఁ కొట్టువాడికో, మరదలికో ఆ దేవుడికే తెలియాలి. భ్రమరాంబ మటుకు తనకే అనుకుని, ఇంకొక్క క్షణం ఆగితే మనసు మారిపోతుందేమోనని గబగబా స్టేషన్‌లోకి దిగిపోయింది.

కార్డు ఆనించింది, గేటు తెరుచుకుంది. రైల్లో శాలువా కప్పుకుంది. సరైన స్టేషన్‌లోనే దిగి పైకొచ్చింది. తోట ఎటువైపో చూద్దామని ఫోన్ తియ్యగానే అది కాస్తా కళ్ళు మూసింది. సరిగ్గా అప్పుడే వాన. పేర్రాజు గారు చెప్పిన గొడుగు హోటల్లో పెట్టెలో ఉంది. పమిట నెత్తిన వేసుకుని పరుగెత్తి, ఎదురుగా కనిపించిన భోజనాల కొట్ల వరసలోకి దూరింది.

ఒక్క బల్ల ఖాళీగా ఉంది. దానిమీద ఒక కాగితపు రుమాళ్ళ పొట్లం ఉంది. ఎంత మంచి దేశం, తడిసొచ్చినవాళ్ళకి తుడుచుకోడానికి కూడా పెడుతున్నారనుకుని, భ్రమరాంబ కూర్చుని, పొట్లం చించి, మొహం, మెడ, చేతులు శుభ్రంగా తుడుచుకుంది. అంతలో చేతిలో పళ్ళెంతో ఒకావిడ వచ్చి నిలబడింది. పక్కనే ఏదో ఆఫీసులో పనిచేసే తమిళావిడ, పేరు సెల్వి. బల్ల మీద రుమాళ్ళ పొట్లం పెట్టి వెళ్తే ఆ చోటు తమదని అక్కడి వాడుక. మిగతా పాఠమంతా చెప్పిన పేర్రాజు గారు ఇదొక్కటీ చెప్పలేదు.

సంగతి అర్థం కాగానే భ్రమరాంబ గతుక్కుమంది. "అయ్యయ్యో, బస్సు సీటులో రుమాలు వేసినట్టా ఇది! క్షమించండమ్మా" అని తెలుగులోనే చెప్పి లేవబోయింది.

"పరవాయిల్లై, పరవాయిల్లై" అని నవ్వుతూ సెల్వి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ తమిళమూ ఇంగ్లీషూ, ఈవిడ తెలుగూ చేతి సైగలూ కలిపి ఫోన్ చచ్చిపోయిన కథంతా నడిచింది. సెల్వి పళ్ళరసాల కొట్టువాణ్ణి అడిగి, నన్ను వాడి గోడకు తగిలించి, స్విచ్ వేసింది. ఫోన్‌లో వెలుగొచ్చింది. భ్రమరాంబ నన్ను చూసి, "అయ్యో, నువ్వు బాగానే ఉన్నావే!" అంది. అంతకంటే నాకేం కావాలి?

చార్జింగ్ కొంచెం ఎక్కిందో లేదో ఫోన్ మోగింది.

"ఒసే భ్రమరా! ఎక్కడికెళ్ళి చచ్చావే? నీకోసం కొట్టు కొట్టూ తిరుగుతున్నాను!"

"తోట దగ్గరికొచ్చానండి వదినగారూ. చెప్పే వచ్చాను కదండీ, మీరు ఊఁ అన్నారు."

"నేనెప్పుడన్నానే? సరే, ఉన్నపళాన వచ్చెయ్. హోటలుకెళ్ళి సామాన్లు సర్దుకుని బస్సెక్కాల. ఆలస్యమైతే విమానం తప్పిపోద్ది."

వానవల్ల పొద్దు బాగా పోయింది. ఇప్పుడు తోటకు వెళ్తే హోటలు బస్సు అందదు. హోటలుకు వెళ్తే తోట చూడటం ఇక ఈ జన్మకు లేదు.  సెల్వి తినడం ఆపి, ఏమిటని అడిగి తెలుసుకుని, బల్లమీద వేలితో గీసి చూపించింది. ఇందాక దిగిన రైలే, పటంలో నీలం గీతది, మళ్ళీ ఎక్కి ఎక్స్‌పో స్టేషన్‌లో దిగి రైలు మారితే, తరవాతి స్టేషనే విమానాశ్రయం. మళ్ళీ హోటలుకు వెళ్ళే పనే లేదు.

భ్రమరాంబ ఫోన్ గట్టిగా పట్టుకుంది. "నేను రానండి వదినగారూ. పూలు చూసి, సరాసరి విమానాశ్రయానికొచ్చేస్తాను. నా పెట్టె కొంచెం మీతో పట్టుకురండి. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది."

"నువ్వా? ఒక్కదానివా?"

"అవునండి."

వదిన మాటకు ఆవిడ ఎదురు చెప్పడం అదే మొదలనుకుంటాను. ఫోన్ పెట్టేశాక చూస్తే మొహం వెలిగిపోతోంది.

వాన వెలిసింది. నన్ను ఊడదీసి సంచీలో వేసుకుని, జిప్పు లాగడం మరిచిపోయింది కాబట్టి తోట నేనూ చూశాను. ఎర్రవి, పసుప్పచ్చవి, చుక్కలవి, ఎన్ని రంగులో! భ్రమరాంబ వేటి దగ్గరా ఆగలేదు. ఒక మలుపు తిరిగేసరికి వరసగా వాండాలు, ఊదారంగు గుత్తులతో, ఇంకా నీళ్ళు కారుతూ కనిపించాయి. "అమ్మ నా తల్లీ!" అని అక్కడే నిలబడిపోయింది. ఏడ్చింది, నవ్వింది. తరవాత వంగి కింద చూసింది. వేళ్ళకు మట్టే లేదు. గాలిలో ఉత్తినే వేలాడుతున్నాయి, పైన బోలెడంత ఎండ తగిలే చోటు.

"అయ్యో, నేను దాన్ని మట్టిలో పాతి, నీడలో పెట్టి, ముద్దు చేసి చంపుతున్నాను కదే!" అని తల కొట్టుకుంది. ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు దొరికిన సంతోషం ఆ కొట్టుకోవడంలోనే ఉంది.

సెల్వి చెప్పినట్టే రైలెక్కి, రైలు మారి, విమానాశ్రయంలో దిగింది. చూస్తే తమ బృందం ఇంకా రాలేదు. ఎవరో కొన్న సామాను పెట్టెల్లో పట్టక బస్సు బయల్దేరలేదట. భ్రమరాంబ ఒక మూల కుర్చీలో కూర్చుని, నన్ను గోడకు పెట్టి ఫోన్ తగిలించి, తీరిగ్గా ఫోటోలు చూసుకుంది.

చాలాసేపటికి మాణిక్యాంబ గారు రెండు పెట్టెలూ తోసుకుంటూ వచ్చింది. మరదలు కనపడగానే పెట్టెలు వదిలేసి గబగబా వచ్చి, రెండు భుజాలూ పట్టుకుంది. తిట్లు మొదలవుతాయని నేను సిద్ధమైపోయాను. ఆవిడ తిట్టలేదు. కూలబడినట్టు పక్కన కూర్చుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నా ప్రాణం పోయిందనుకో" అంది. కొంగు సర్దుకుని, "ఎలాగున్నాయే పువ్వులు?" అంది.

భ్రమరాంబ ఫోన్ అందించింది. ఆవిడ ఒక్కో ఫోటో నెమ్మదిగా చూసింది. చూస్తూ చూస్తూ, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఈ వయసొచ్చాక కూడా నేనొక్కదాన్నీ ఎప్పుడూ రైలెక్కలేదే. చిన్నప్పుడు మా నాన్న, తరవాత మీ అన్నయ్యగారు, ఇప్పుడు ఈ టూరోళ్ళు. నీకు భయమెయ్యలేదా?"

"వేసిందండి."

"మరెలా వెళ్ళావే?"

"భయపడుతూనే వెళ్ళానండి."

మాణిక్యాంబ గారు ఆ ఫోటోలన్నీ మళ్ళీ మొదట్నుంచీ చూసింది.  అంతలో బృందాన్ని రమ్మని పిలిచారు. భ్రమరాంబ నాలోంచి చార్జరు మాత్రం లాగి, ఫోన్‌తో సహా సంచీలో పడేసుకుంది. వదిన లేచి, మరదలి చెయ్యి పట్టుకుని, "నాకూ నేర్పుతావే?" అంది.

"ఎందుకు నేర్పనండీ? ముందు మీ పేర సొంతంగా ఒక కార్డు కొనుక్కోవాలండి. అది లోపలికెళ్ళేటప్పుడూ ఆనించాలి..."

అలా చెప్పుకుంటూ, వింటూ, పెట్టెలు తోసుకుంటూ ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను గోడకే ఉండిపోయాను. పిలుద్దామంటే నోరు లేదు. ఉన్నా పిలిచేవాణ్ణి కాదు. ఆ మాటల మధ్యలో అడ్డురావడం నాకిష్టం లేకపోయింది.

అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. గుండ్రటి కాళ్ళ చార్జరుతో దిక్కులు చూసేవాళ్ళు రోజుకు పదిమందైనా వస్తారు, నన్ను చూసి బతికామనుకుంటారు. హాయిగానే ఉంది. జనం తక్కువగా ఉన్నప్పుడు మాత్రం, పెత్తనమంతా తనదే అయిన ఆ పెద్దావిడ ఆ రోజు పెట్టె తోసుకుంటూ వెళ్ళి ఈ హాలు చివరి మలుపు దగ్గర ఆగి, మరదలి వంక తిరిగి, "ఇప్పుడెటే వెళ్ళాలి?" అని అడగడం గుర్తొస్తుంది.