ఐసు పెట్టె మూత

"ఆ కంపు చీర తెచ్చి నా దీపం పెట్టుకునే చీర పక్కన వేశావేంటమ్మా? జాగా ఇంకెక్కడా దొరకలేదా?" అంది మా అత్తగారు అంకాలమ్మ, తీగ దగ్గర నిలబడి.

"మధ్యలో జానెడు ఖాళీ వదిలానండీ."

"కంపుకి జానెడేంటి, బారెడేంటి!"

మా ఆయన కాశీరావు గడ్డం గీసుకుంటూ నవ్వారు. "చేపల కొంపలో కూర్చుని కంపు గురించి కొట్లాటేంటమ్మా?"

"చేపల కంపు మనకి అన్నం పెట్టుద్దిరా. ఇదేం పెట్టుద్ది?" అని ఆవిడ తన చీర తీసుకుని తీగ ఆ చివరకు వెళ్లిపోయింది.

అది రెండువేల నాలుగు, మే నెల. మా ఆయన కొల్లేటి చేపలు కొని ఐసులో పెట్టి బెజవాడకూ, పై ఊళ్లకూ పంపేవారు. థర్మోకోల్ పెట్టెలు రెండు ట్రిప్పులకే విరిగిపోయేవి. గన్నవరం రోడ్డులో ఒక రేకుల షెడ్డులో, రిటైరైన పాలిటెక్నిక్ లెక్చరరు బసవపున్నయ్యగారు ఫైబర్‌గ్లాసు పనిలో పదిహేను రోజుల శిక్షణ పెట్టారని తెలిసి పేరు రాయించారు. తీరా లోడు పనుల వల్ల తాను వెళ్లలేక, "నువ్వు బీయస్సీ కెమిస్ట్రీయేగా నాగలక్ష్మీ, నువ్వెళ్లి నేర్చుకుని రా" అన్నారు. పెళ్లయిన పదకొండేళ్లలో నా డిగ్రీతో ఒక పని పడడం అదే మొదటిసారి.

శిక్షణ చివర ఎవరికి వారు గీసుకున్న వస్తువును తయారుచేసి చూపించాలి. నాది ఐసు పెట్టె మూత. లారీలో కూలీలు పెట్టెల మీదే నిలబడతారు కాబట్టి అది మనిషి బరువు ఆపాలి. ఆపితే షెడ్డులో సగం అద్దెకు తీసుకుని మనమే పెట్టెలు చేద్దామన్నారు ఆయన. లేకపోతే సోమవారం పాత వ్యానుకు అడ్వాన్సు ఇచ్చేస్తారు. నేను మళ్లీ వంటింట్లోకి. నాకు వెళ్లాలని లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మొదట నేను మూతను పలకలా చదునుగా గీశాను. బసవపున్నయ్య సారు ఒక కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పరిచి, మీద రూపాయి బిళ్ల పెట్టారు. కుంగిపోయింది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి మళ్లీ బిళ్ల పెట్టారు. నిలిచింది. ఆ సాయంత్రం నా బొమ్మలో, మూత మీద మడతల్లాంటి మూడు గట్లు చేరాయి.

గాజు పీచు చాపను కత్తిరించకూడదు, చేత్తో చింపాలి, అప్పుడే అంచులు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయని ఆయనే చూపించారు. చాప మీద పూసే జిగురు రెజిన్; నా చీరకు పట్టిన కంపు దానిదే. దాన్ని గట్టిపరిచే ద్రావకాన్ని నేను సిరంజితో కొలిచేదాన్ని. పక్క బల్ల మీద పడవల పని నేర్చుకుంటున్న జాన్‌బాబు, "అక్కా, మందుల షాపు పెట్టుకోరాదూ" అని వెక్కిరించి, తాను కంటిచూపుతో ఒంపాడు. మోతాదు మించి, ఆ ఎండకి పది నిమిషాల్లో అతని డబ్బా పొగలు కక్కింది.

గురువారం పొద్దున షెడ్డులో, మూత పోసే అచ్చుకు అంటుకోకుండా నాలుగు పూతలు మైనం పట్టించి అద్దంలా మెరిపించాను. చాప తేవడానికి లోపలికి వెళ్లొచ్చేసరికి, ఇంటి నుంచి బస్సులో వచ్చిన అత్తగారు అచ్చు దగ్గర ఉంది. కొత్త పడవ ముక్కుకు పెట్టినట్టే, నూనెలో తడిపిన పసుపూ కుంకుమా అచ్చు మీద మూడు చోట్ల పెట్టి, కర్పూరం వెలిగించి దణ్ణం పెడుతోంది.

"మంచిరోజమ్మా. ఉత్త చేతుల్తో మొదలెడతారా ఎక్కడైనా?"

ఆవిడ బస్సెక్కేదాకా ఆగి, ఆ బొట్లను గుడ్డతో గట్టిగా రుద్ది తుడిచాను. అక్కడ మెరుపు పోయింది. మళ్లీ మైనం పట్టిస్తే పూట పోతుంది. చూసీ చూడనట్టు రెజిన్ పూత వేసేశాను.

శుక్రవారం మూత విప్పబోతే మూడు చోట్ల అచ్చుకు కరుచుకుని, పెచ్చులుగా చిరిగింది.

"ఇక్కడ ఏం జరిగింది?" అన్నారు సారు, ఆ చోట వేలు పెట్టి.

చెప్పాను.

"బొట్టు సంగతి వదిలెయ్యండి. తుడిచాక మళ్లీ మైనం పట్టించాలని మీకు తెలుసు. తెలిసీ ఎందుకు వదిలేశారమ్మా?"

"టైము లేదనుకున్నానండీ."

"ఇప్పుడుందా?"

లేదు. శిక్షణ శనివారంతో సరి. అచ్చు శుభ్రం చేసి, మైనం పట్టించి, మళ్లీ పోసినా ఆదివారం గాని విప్పలేను. ఆదివారం షెడ్డుకు తాళం.

"తాళంచెవి నా దగ్గరేగా ఉండేది. నేనొస్తాను," అన్నారు సారు.

ఇంట్లో అత్తగారు అడిగితే జరిగింది చెప్పాను.

"అయితే నా బొట్టే చెరిపిందన్నమాట."

"కాదండీ. తుడిచి ఊరుకున్నాను చూడండి, అది."

ఆవిడ శనివారం నాతోపాటే బస్సెక్కి, షెడ్డులో కుంకుమ భరిణె తీసి, "ఎక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పు," అంది. బల్ల కోడు చూపించాను. అక్కడ పెట్టి, సాయంత్రం దాకా ఒక మూల కూర్చుని చూసింది.

ఆదివారం సారు గవర్నర్‌పేట నుంచి సిటీ బస్సులో వచ్చారు. అంచుల్లో చెక్క చీలలు పెట్టి మెల్లగా కొడితే మూత టప్పున ఊడి వచ్చింది. రెండు ఇటుకల వరసల మీద పెట్టాం. మా ఆయన చెప్పులు విడిచి ఎక్కారు. ఆయనది తక్కువ బరువు కాదు.

"నిలబడ్డం కాదు, గెంతరా!" అంది అత్తగారు.

గెంతారు. మూత కిర్రుమనలేదు.

సారు దాన్ని తిరగేసి గట్ల వెంట వేలు నడిపారు. "ఈ మూల ఒక గాలి బుడగ ఉంది. వచ్చేసారి రోలరు ఇంకో రెండుసార్లు నడపండి."

వచ్చేసారి, అన్నారు. సెలవునాడు ఆ ఎండలో వచ్చినందుకు సరేసరి, ఆ ఒక్క మాటకు ఈనాటికీ మనసులో ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరం కొరమేను పులుసుతో భోజనానికి కూర్చున్నాం. మా ఆయన ముద్ద కలుపుతూ, "మూత బాగానే ఉంది. కాకపోతే వ్యానైతే రేపట్నించే తిరుగుద్ది..." అని నసిగారు.

"వ్యానొద్దు," అంది అత్తగారు కంచంలోంచి తలెత్తకుండా. "రేపు పొద్దున్నే వెళ్లి ఆ షెడ్డు మాట్లాడిరా. పెట్టెలు నాగలక్ష్మి చేసుద్ది. ఇంట్లో వంట నేను చూసుకుంటా."